అర్జునుడి కుడి భుజం

భుజం ఊడటం ఎంత సులువో ఢిల్లీబాబుకు ఆ రోజు దాకా తెలియదు. శివరాత్రి పోయిన నాలుగోనాడు పొద్దున్నే పాలక్యాను బండికి తగిలించుకుని ఎర్రమిట్ట నుంచి కార్వేటినగరం పోతున్నాడు. చింతతోపు మలుపులో కుక్క అడ్డమొచ్చింది. కుక్కకేం కాలేదు, నిక్షేపంలా పోయింది. పాలు నేలపాలయ్యాయి. పడేటప్పుడు కుడి చెయ్యి నేలకు ఆనించాడు, అంతే, లోపలెక్కడో లటుక్కుమంది. లేచి చూసుకుంటే భుజం గుండ్రంగా ఉండాల్సిన చోట పల్లం, ఉండకూడని చోట ఎత్తు. చెయ్యి ఎవరిదో తెచ్చి తగిలించినట్టు వేలాడుతోంది. నలభై ఎనిమిదేళ్ళ మనిషి నడిరోడ్డు మీద "అమ్మా!" అని బావురుమన్నాడు.

తిరుపతి ఆసుపత్రిలో మత్తిచ్చి కీలు ఎక్కించారు. మెడ మీదుగా పట్టీ వేసి, చెయ్యి పొట్టకు ఆనించి కట్టారు. "మూడు వారాలు పట్టీ ఉంచండి, తర్వాత వ్యాయామాలకు రండి" అని పంపించారు. వేరే ఎవరికైనా అయితే ఇది చెప్పుకునేంత కథ కాదు. పదిమంది పలకరించి, పది రకాల నూనెలు చెప్పి మరిచిపోయేవారు. కానీ ఢిల్లీబాబు ఎర్రమిట్టకు అర్జునుడు. అదే వచ్చిన చిక్కు.

ఎర్రమిట్టలో ద్రౌపదమ్మ గుడి ఉంది. వైశాఖంలో పద్దెనిమిది రోజులు భారతం జరుపుతారు. నాటకాల మేళం బయటినుంచి వస్తుంది గానీ, పన్నెండోనాడు తపస్సు మాను ఎక్కేది మాత్రం ఊరి మనిషే. అరవై అడుగుల తాటిమాను నాటి, దానికి రెండు పక్కలా కొయ్యమెట్లు దిగ్గొట్టి, కొసన ఒక పీట బిగిస్తారు. అర్జునుడు మెట్టుకు ఒక పద్యం చొప్పున పాడుతూ పైకెక్కాలి. ఆ పీట మీద కూర్చుని శివపూజ చేసి, కిందికి నిమ్మపండ్లు విసరాలి. పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ కొంగులు పట్టుకుని ఉంటారు. పండు కొంగులో పడితే ఏడాది తిరిగేలోగా ఇంట్లో ఊయల కడతారని నమ్మకం. నిజమో అబద్ధమో నన్నడగకండి. మాను కింద నిలబడి పై కొస చూస్తూ అబద్ధమనే ధైర్యం మాత్రం నాకు లేదు.

ఢిల్లీబాబు నాయన ముప్పై ఏళ్ళు ఎక్కాడు. ఆయన తర్వాత ఢిల్లీబాబు ఇరవై రెండేళ్ళుగా ఎక్కుతున్నాడు. చుట్టుపక్కల పల్లెల్లో ఆయన విసిరిన పండు వల్లే పుట్టామని చెప్పుకునే పిల్లలు పెళ్ళీడుకొచ్చారు. ఒక్క ఆయన ఇంట్లోనే ఊయల కట్టలేదు. పెళ్ళయిన కొత్తలో మూడేళ్ళు భార్య కోమలి కూడా అందరితో పాటు కొంగు పట్టింది. మూడేళ్ళూ పండు పడింది, మూడేళ్ళూ కళ్ళకద్దుకుని తిన్నది. నాలుగో ఏడు నుంచి ఆ పూటకు ఆమెకు ఇంట్లో ఏదో ఒక పని తగులుతూనే ఉంది. ఊరి ఆడవాళ్ళు నోరు మంచివాళ్ళేం కాదు గానీ, ఈ విషయంలో మాత్రం ఎవరూ ఎత్తిపొడవలేదు. ఢిల్లీబాబుకు మిగిలింది ఆ మాను ఒక్కటే. అది కూడా పోతే తను ఎవరు? రెండావులు, ఇరవై మామిడి చెట్లు ఉన్న ఒక మనిషి. అంతే కదా.

అందుకే ఆయనకు బెంగ పట్టుకుంది. ఆ బెంగలోనే మొదటి తప్పు చేశాడు. మూడు వారాలకు తీయమన్న పట్టీని ఆరు వారాలైనా తీయలేదు.

"మూడు వారాలే గదయ్యా చెప్పింది?" అంది కోమలి.

"ఊడింది నీదా, నాదా? కదిలిస్తే మళ్ళా ఊడిపోతే? ఇంకా రెండు వారాలు ఉండనీ మే. గట్టిపడతాది."

గట్టిపడింది. ఎంత గట్టిపడిందంటే, ఆరు వారాల తర్వాత తిరుపతిలో వ్యాయామాల గదిలో పట్టీ విప్పితే చెయ్యి నడుము దాటి పైకి రాలేదు. అక్కడ చూసే ఆమె పేరు రెబెకా. నగరి పిల్ల, మగ్గాల వీధిలో పుట్టి పెరిగింది, ముప్పై ఐదేళ్ళుంటాయి. మాట నెమ్మదే, కానీ కోపమొస్తే ఆ నెమ్మది మాటే చురుక్కుమంటుంది.

"అన్నా, వాడకుండా పెట్టిన తలుపు బందు తుప్పు పడుతుందా లేదా? మీరు భుజాన్ని కాపాడలేదు, బిగదీసినారు" అంది. తర్వాత కాగితం మీద పేరు, వయసు రాసుకుని అడిగింది. "ఏం పని చేస్తారు?"

"సేద్యమమ్మా. మామిడి చెట్లుండాయి. రెండావులు."

"ఎత్తు పనులేమన్నా? చెట్లెక్కడం అట్లా?"

"కాయలు కోసేదానికి మనుషులుండారులే."

కోమలి మొగుడి మొహంలోకి చూసింది. ఆయన గోడ మీద వేలాడదీసిన ఎముకల బొమ్మను చూస్తున్నాడు. మాను సంగతి చెబితే ఈ పిల్ల వద్దంటుంది. చదువుకున్నామె వద్దన్నాక ఎక్కితే అది మొండితనం, చెప్పకుండా ఎక్కితే భక్తి. ఢిల్లీబాబు లెక్క అది. అలాంటి లెక్కలు మనందరికీ వస్తాయి లెండి, అవసరం పడాలి గానీ.

వారానికి రెండుసార్లు పొద్దున్నే పుత్తూరు మీదుగా తిరుపతి బస్సు. మొదట వేడి కాపడం, ఆ తర్వాత బల్ల మీదికి వంగి చెయ్యి కిందికి వదిలేసి నెమ్మదిగా ఊపడం. కర్ర రెండు చేతులా పట్టుకుని, మంచి చేత్తో చెడ్డ చేతిని పైకి నెట్టడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించడం. చంకలో తువ్వాలు చుట్ట పెట్టుకుని, అది జారకుండా రబ్బరు పట్టీని బయటికి లాగడం. చూస్తే పిల్లలాటలు. చేస్తే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. ఇంట్లో కూడా రోజుకు మూడుసార్లు చెయ్యాలి. వేళ్ళు ఎంత దాకా పాకాయో అక్కడ కోమలి పసుపుతో గీత పెట్టేది. వంటింటి గోడ మీద ఒక గీత, దాని మీద ఇంకో గీత. ఒక్కో రోజు గీత పైకి పోయేది కాదు. ఆ రోజు ఇద్దరూ ఎవరి కంచం వాళ్ళు చూసుకుని అన్నం తినేవాళ్ళు.

నొప్పి అలవాటైంది. భయం అలవాటు కాలేదు. చొక్కా తొడుక్కోవాలంటే భయం, దుప్పటి లాక్కోవాలంటే భయం. బస్సులో ఎవడైనా పక్కన నిలబడితే వాడెప్పుడు మీద పడతాడోనని భయం. ఆవుల్ని ఎడమచేత్తో పితికితే అవి అలవాటు లేక కాలు విసిరేవి. "నా ఎడమచెయ్యి ఆవుకు గూడా పనికిరాలేదు మే" అన్నాడొకనాడు, చెంబు ఒలకబోసుకుని. నవ్వుదామనే అన్నాడు గానీ నవ్వు రాలేదు.

అయిదో వారం రెబెకా ఆయన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టింది. చెయ్యి పక్కకు చాపించి, మోచెయ్యి మడిచి, అరచేతిని మెల్లగా చెవి వెనక్కి తిప్పసాగింది. ఇంకా సగం కూడా తిరగలేదు, ఢిల్లీబాబు ఎడమచేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టేసుకున్నాడు.

"వద్దమ్మా! వద్దు! పోతాది!"

"నొప్పా అన్నా?"

"నొప్పి గాదు... పోతాది. పోతా ఉండాదని తెలస్తాది."

రెబెకా చెయ్యి దించి జాగ్రత్తగా పొట్ట మీద పెట్టింది. "నేను చూసేది అదే. నొప్పి తగ్గినంత మాత్రాన బాగైనట్టు కాదు. ఈ వాటంలో పెట్టినప్పుడు మీరు నా చెయ్యి పట్టుకోకుండా ఉండాల. అప్పుడు బాగైనట్టు. బంతి విసిరేటప్పుడు చెయ్యి వెనక్కి పోతుంది చూడండి, అట్లాంటి పని మాత్రం ఇప్పుడు వద్దే వద్దు."

ఢిల్లీబాబుకు తపస్సు మాను గుర్తొచ్చింది. బంతి కాదు, నిమ్మపండు. పీట మీద కూర్చుని పండు పట్టుకుని, చెయ్యి చెవి వెనక్కి తీసుకుపోయి, దూరంగా కూర్చున్న కొంగుల్లోకి విసరడం. ఇరవై రెండేళ్ళుగా చేస్తున్న వాటం అదే.

ఆ వారమే గురప్ప ఇంటికొచ్చాడు. గురప్ప గుడి పెద్ద, డెబ్బై ఏళ్ళవాడు. మైకులో భారతం చెప్పేదీ ఆయనే. గొంతు ఎంత పెద్దదో చెయ్యీ అంత పెద్దది. వస్తూ వస్తూనే ఆప్యాయంగా కుడి భుజం మీద ఒక్కటి చరిచాడు. దొంగకు తేలు కుట్టినట్టయింది ఢిల్లీబాబు పని. కళ్ళలో చుక్కలు కనిపిస్తున్నా పళ్ళికిలించాడు.

"ఎట్టుండాదప్పా భుజం? కాపు కట్టే రోజు దగ్గర పడింది. పై వీధి మునస్వామి అడగతా ఉండాడు, నేను ఎక్కుతానని. నీకు కష్టమంటే సెప్పు. తప్పేం లేదు."

"ఎందుకు మామా! బాగయింది. సూడు!" అని చెయ్యి పైకెత్తాడు. భుజం ఎత్తు దాకా వచ్చి అక్కడ ఆగింది. ఆగిన చెయ్యిని ఏం చెయ్యాలో తెలియక తల వంచి, ఆ చేత్తోనే చెవి గోక్కున్నాడు.

గురప్ప నమ్మాడో లేదో గానీ, "సరే అయితే" అని మజ్జిగ తాగి వెళ్ళాడు. ఆయన వీధి మలుపు తిరిగాక కోమలి గ్లాసు తీస్తూ అంది. "మునస్వామి ఎక్కితే ఏమయిపోతాదయ్యా?"

"వాడు ఒకసారి ఎక్కినాడంటే మళ్ళా దిగడు మే."

"నువ్వు ఎక్కి దిగకుంటే?"

ఢిల్లీబాబు లేచి గోడ దగ్గరికి పోయి వేళ్ళు పాకించడం మొదలుపెట్టాడు.

కాపంటే మణికట్టుకు పసుపుకొమ్ము కట్టిన దారం. తిరునాళ్ళ మొదటిరోజు ధ్వజం ఎత్తిన పూట అర్జునుడికి కడతారు. కట్టుకున్నాక పద్దెనిమిది రోజులు ఊరి పొలిమేర దాటకూడదు, కట్టుకున్నవాడు తప్ప ఇంకొకడు మాను ముట్టకూడదు. దాంతో ఢిల్లీబాబు దాచిన గుట్టు తనంతట తానే బయటికొచ్చింది. ధ్వజం రేపనగా తిరుపతికి పోయి, వ్యాయామాలన్నీ చేసి, నీళ్ళు నములుతూ అన్నాడు. "అమ్మా, రెండు వారాలు పైన నేను రాలేను."

"ఇప్పుడిప్పుడే చెయ్యి లేస్తా ఉండాది. ఇప్పుడాపితే ఎట్లన్నా? ఎందుకు రాలేరు?"

"ఊర్లో భారతం తిరునాళ్ళు."

"తిరునాళ్ళయితే పొద్దున బస్సెక్కి మధ్యాహ్నానికి పోవచ్చు గదా! మీరేమన్నా మాను ఎక్కాలా ఏంది?" అని రెబెకా నవ్వింది.

ఎవరూ నవ్వలేదు. కోమలి నేల చూపులు చూస్తోంది. ఢిల్లీబాబు ఎముకల బొమ్మ వైపు తిరిగాడు. రెబెకా నవ్వు అలాగే ఆగిపోయింది. నగరి పిల్ల, భారతం మాను ఎరగనిదేం కాదు. చిన్నప్పుడు చుట్టుపక్కల ఊళ్ళలో మిద్దెల మీదెక్కి చూసినదే.

"నెల పైనుంచి నాకు మామిడి చెట్లని చెప్పినారే!" అంది. గొంతు పెరగలేదు. అదే భయంగా ఉంది. "ఇంకా మూడు నెలలు నిండలేదు. ఆ చేతి మీద మీ బరువు వేలాడే పనికి ఆరు నెలలన్నా పడుతుంది. పైన ఊడిందనుకోండి, మిమ్మల్ని ఎవరు దించుతారు?"

"నాయన ముప్పై ఏండ్లు ఎక్కినాడమ్మా. నా తర్వాత ఎక్కేదానికి నాకెట్లా ఎవరూ లేరు. నేనన్నా ఎక్కకుంటే..." అన్నాడు ఢిల్లీబాబు.

"పోతే పోనీలే అని నేను సెప్పినాను మేడం, వినడు" అంది కోమలి. ఆమె కళ్ళలో నీళ్ళు నిలిచాయి.

రెబెకా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"నేను ఎక్కమని చెప్పను. వద్దనే రాసిస్తాను. మీరు వినరని నాకు తెలస్తా ఉండాది. అందుకని మూడు మాటలు చెప్తాను. ఒకటి, నడుముకు తాడు కట్టి, దాన్ని మానుకు తగిలించుకుంటా ఎక్కాల. రెండు, బరువంతా కాళ్ళ మీద. ఎడమచెయ్యి ముందు పోవాల, కుడిచెయ్యి భుజం ఎత్తు దాటి పైకి పోకూడదు. మూడు, పైనుంచి కుడిచేత్తో ఏదీ విసరకూడదు. విసిరినారంటే అక్కడే పోతుంది. సరేనా?"

"సరేనమ్మా."

మూడోదానికి కూడా తల ఊపాడు. బస్సు పుత్తూరు దాటాక కోమలి అడిగింది. "పండ్లు ఎడమచేత్తో ఏస్తావా నిజంగా?"

ఢిల్లీబాబు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎడమచేత్తో విబూది ఇస్తేనే మొహం తిప్పుకుంటారు. ఇక పిల్లల కోసం తడిబట్టల్తో ఉపవాసం కూర్చున్నవాళ్ళకు ఎడమచేత్తో పండు వేస్తే ఊరు ఊరుకుంటుందా? అపచారమని తరతరాలు చెప్పుకుంటారు. ఆ ఆడవాళ్ళలో ఎవరికైనా కడుపు పండకపోతే ఆ పాపం ఆయన ఎడమచేతి మీదే పడుతుంది. కోమలికి జవాబు అర్థమైంది.

కాపు కట్టారు. ఆ పదకొండు రోజులూ ఇంటి వెనక కొట్టానికి నిచ్చెన వేసుకుని సాధన చేశాడు. ఎడమ, కాలు, కాలు, తర్వాత కుడి. కింద కోమలి మామిడి బరికె పట్టుకుని నిలబడేది. కుడిచెయ్యి భుజం దాటిందంటే "ఎడమా!" అని అరిచి కాలి మీద తట్టేది. సాయంత్రాలు రెబెకా వీడియో కాల్ చేసి ఆ సాధన చూసేది. "రేపు తపస్సు" అన్న రోజు ఆమె "దిగినాక ఒక్క ఫోన్ చెయ్యండక్కా" అని కోమలితో అంది.

తపస్సు రోజు మధ్యాహ్నానికి పది ఊళ్ళ జనం దిగారు. ఎండ చిటపటలాడుతోంది. కాషాయం కట్టి, రుద్రాక్షలు వేసుకుని, మొహానికి రంగు పూసుకుని ఢిల్లీబాబు మాను దగ్గరికొచ్చాడు. చంకలో నిమ్మపండ్ల జోలె. నడుముకు తాడు చూసి గురప్ప మైకు పక్కకు పెట్టాడు.

"ఇదేందప్పా? అర్జునుడికి తాడేంది?"

వెనకనుంచి కోమలి అందుకుంది. "పాశుపతం ఇచ్చే సామి ఒక మోకు ఇయ్యకూడదని యాడ రాసుండాది మామా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. గురప్ప గొణుక్కుంటూ మైకు తీసుకున్నాడు. ఢిల్లీబాబు మానుకు మొక్కి ఎడమచెయ్యి వేశాడు.

మొదటి పది మెట్లు బాగానే గడిచాయి. ఎడమ, కాలు, కాలు, కుడి. పద్యం. తాడు పైకి జరపడం. ఎప్పటికన్నా రెండింతల పొద్దు పడుతోంది. కింద జనం తలలు మామిడి పిందెలంత అయ్యాయి. గాలికి మాను మెల్లగా ఊగుతోంది. అది ప్రతి యేడూ ఊగేదే, ఈ యేడు ఆ ఊపు నేరుగా భుజంలోకి వస్తున్నట్టుంది. ఇరవయ్యో మెట్టు దగ్గర పద్యంలో పడి ఆదమరిచాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కుడిచెయ్యి తనంతట తానే తల మీదికి పోయి పై మెట్టు పట్టుకుంది. బరువు దాని మీద పడింది.

భుజం లోపల ఏదో అంచు దాకా జరిగింది. ఊడలేదు. ఊడుదునా వద్దా అని ఆలోచిస్తున్నట్టు ఆగింది. ఢిల్లీబాబు పైప్రాణాలు పైనే పోయాయి. పద్యం గొంతులో తెగిపోయింది. చెయ్యి తీయాలంటే భయం, ఉంచాలంటే భయం. కింద గురప్పకు ఏం అర్థమైందో గానీ అదే పద్యం మైకులో మళ్ళీ ఎత్తుకున్నాడు. రెండోసారి, మూడోసారి. జనం అదంతా తపస్సే అనుకుని "గోవిందా!" అంటున్నారు.

ఆ గోలలోంచి ఒక గొంతు వచ్చింది.

"ఎడమా!"

ఢిల్లీబాబు కళ్ళు దించి చూశాడు. మాను మొదట్లో, తడిబట్టల ఆడవాళ్ళ మధ్యలో కోమలి నిలబడి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అడుగుపెట్టని చోట. చేతిలో మామిడి బరికె. ఆయన ఎడమచేత్తో మాను కౌగిలించుకుని, బరువు కాళ్ళ మీదికి తెచ్చుకుని, కుడిచెయ్యి నెమ్మదిగా దించాడు. కీలు దాని చోటికి అది పోయింది. ఊపిరి పీల్చుకుని పద్యం అందుకున్నాడు.

పీట ఎక్కి, తాడు బిగించుకుని, బిల్వపత్రాలతో పూజ చేశాడు. ఇక పండ్లు. కింద నలభై కొంగులు ఒక్కసారి విచ్చుకున్నాయి. ఢిల్లీబాబు కుడిచేత్తో మొదటి పండు తీసుకుని చెయ్యి వెనక్కి తీసుకుపోయాడు. చెవి దాకా పోకముందే మళ్ళీ ఆ జారుడు తెలిసింది. బల్ల మీద రెబెకా మణికట్టు పట్టుకున్నప్పటి భయమే, కానీ ఇక్కడ పట్టుకునేందుకు ఎవరూ లేరు. విసిరితే ఈ పండు మాత్రం పోతుంది, మిగతా పండ్లతో పాటు తను ఒంటి చేత్తో అరవై అడుగుల మీద మిగులుతాడు. విసరకపోతే ఇరవై రెండేళ్ళ పేరు ఈ పీట మీదే పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెమటకు మొహం మీది రంగు కరిగి కళ్ళలోకి దిగుతోంది. జనం ఎదురుచూస్తున్నారు. కోమలి బరికె కింద పడేసింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని పైకి చూస్తోంది.

ఆ మొహం చూశాక ఆయనకు పేరు మీద ఆశ సన్నగిల్లింది. పండు ఎడమచేతికి మార్చుకుని విసిరాడు.

కొంగులు వెనక్కి పోయాయి. ఒక్కటీ ముందుకు రాలేదు. పండు ఆడవాళ్ళ బట్టల్లోంచి కారిన నీళ్ళకు తడిసిన బురదలో పడి దొర్లింది. "ఎడమచేత్తో ఏసినాడే!" అని ఎవరో అన్నారు. ఆ మాట గుంపు చివరి దాకా పాకింది. గురప్ప మైకు మూగబోయింది. పైన ఢిల్లీబాబుకు భుజం ఊడినప్పుడు కూడా అంత దిక్కులేనట్టు అనిపించలేదు.

కోమలి వంగి బురదలోంచి ఆ పండు తీసింది. చీరకు తుడుచుకుని, రెండు కళ్ళకూ అద్దుకుని, కొంగున మూట కట్టుకుంది.

పక్కనే కూర్చున్న ముసలి రుక్మిణమ్మ ఉండబట్టలేక నోరు జారింది. "ఈ వయసులో నీకెందుకు మే కోమలీ ఆ పండు?"

అని నాలుక కరుచుకుంది. కోమలి మొహం ఎర్రబడింది, కానీ తల దించలేదు.

"బిడ్డ కోసరం గాదత్తా. మీరందరూ మీకు కావల్సింది మీరు అడగతా ఉండారు. నాకు ఆయప్ప దిగొస్తే సాలు. దానికోసరం తీసుకున్నాను." పైకి చూసి, ఊరంతా వినేలా గొంతెత్తింది. "అర్జునుడికి ఎడమేంది, కుడేంది? రెండు సేతులా బాణమేసినోడు గదా! ఏసేయ్ అయ్యా!"

మైకు గరగరలాడింది. యాభై ఏళ్ళుగా భారతం చెబుతున్న గురప్ప, తను చెప్పాల్సిన మాట ఒక ఆడమనిషి చెప్పేసిందన్న ఉక్రోషంతో గొంతు చించుకున్నాడు. "సవ్యసాచీ! గోవిందా!" జనం గోవింద కొట్టారు. కొంగులు ఒకటొకటిగా ముందుకొచ్చాయి. ఢిల్లీబాబు ఎడమచేత్తో జోలె ఖాళీ చేశాడు. గురి చాలామటుకు తప్పింది. ఒక పండు గురప్ప నెత్తిన పడింది. ఆడవాళ్ళు పడీపడీ నవ్వుతూ, బురదలో కాళ్ళు జారుతూ, పండ్ల కోసం అటూ ఇటూ పరిగెత్తారు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. ప్రతి మెట్టుకూ కింద నుంచి కోమలి "ఎడమా" అంటూనే ఉంది. చివరి మెట్టు దిగి నేల మీద కాలు మోపాడు. జనం కాళ్ళకు మొక్కడానికి తోసుకొస్తుంటే కోమలి అడ్డం నిలబడి, నడుముకు దోపుకున్న పాత పట్టీ తీసింది. మొగుడి కుడిచెయ్యి పట్టుకుని మెల్లగా మడిచి పొట్టకు ఆనించింది.

"ఆ పండు యాడ మే?" అన్నాడు ఢిల్లీబాబు.

కోమలి కొంగు ముడి చూపించింది.

"ఉండాది. ఇన్నేండ్లకు నీ పండు ఒకటి నాకు ఫలించిందయ్యా" అని, పట్టీ మెడ మీదుగా తీసి ముడి బిగించింది.